లోపలి గడియ

ఏలూరు పాత మార్కెట్ వెనక ఎండుచేపల వీధిలో అచ్చాయమ్మ కళ్ళు తిరిగి తన గంప మీదకే ఒరిగిపోయింది. అప్పుడు ఆమెతో రొయ్యపొట్టు బేరం చేస్తున్నది కమరున్నీసా. సంచీ పట్టుకుని పక్కన నిలబడ్డది ఆమె మనవరాలు ఫర్హానా, తొమ్మిదో తరగతి చదువుతున్న పిల్ల. ఆగస్టు ఆఖరు. రెండు వారాలుగా చినుకు లేదు. రేకుల కింద గాలి ఆడక మనుషులు ఉడికిపోతున్నారు.

ఫర్హానా సోడా కొట్టుకి పరిగెత్తి నీళ్ళ సీసా తెచ్చింది. అచ్చాయమ్మ ఒక్క గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించి ఉమ్మేసి, సీసా వెనక్కి ఇచ్చేసింది.

“మింగవమ్మా! నాలుక పిడచకట్టుకుపోయింది నీకు,” అంది కమరున్నీసా.

“ఒద్దండి. తాగితే మళ్ళీ ఎక్కడికెళ్ళాలండి? సాయంత్రం బస్సెక్కి ఇంటికెళ్ళేదాకా ఆపుకోవాలి కదండీ.”

అచ్చాయమ్మది కలిదిండి అవతల కొల్లేటి గట్టున ఉన్న గుమ్మడిలంక. వారానికి నాలుగు రోజులు తెలతెలవారుతుండగా బయల్దేరి వచ్చి, దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరుతుంది. అంటే పగలంతా ఇక్కడే. ఫర్హానా లెక్కేసుకుంది. పన్నెండు గంటలు.

పక్క గంప దగ్గర కూర్చున్న లక్ష్మీకాంతం నవ్వింది. “మేమెవరమూ తాగమమ్మా. పొద్దున్నే ఇంటి దగ్గర చుక్క టీ, అంతే. అలవాటైపోయింది.”

ఆ నవ్వు చూసేసరికి ఫర్హానాకి ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు. తల తిప్పితే, ఆ ఆడవాళ్ళ వీపుల వెనకే, పదడుగుల దూరంలో ఒక చిన్న భవనం ఉంది. గోడ మీద వెలిసిపోయిన నీలం అక్షరాలు: మహిళల మరుగుదొడ్లు. తలుపుకి తాళం.

“మరి అదేంటండీ?”

“అదా? మార్కెట్ కమిటీ జగ్గారావు గారు చేపల ట్రేలు పెట్టుకుంటారమ్మా అందులో,” అంది లక్ష్మీకాంతం, ఆ మాటలో వింతేమీ లేనట్టు. “కట్టిన ఏడాదికే నీళ్ళ గొట్టం పగిలిపోయింది. అప్పుడు మూసేశారు. నాలుగేళ్ళయింది.”

*

ఫర్హానా స్కూల్లో, స్కౌట్లలాగే ఆడపిల్లలకి గైడ్స్ కంపెనీ ఉంది. ఎనిమిది మంది అమ్మాయిల దళానికి ఆమె లీడరు. డిసెంబరులో తాడేపల్లిగూడెంలో, గైడ్స్‌కి రాష్ట్రస్థాయిలో ఇచ్చే రాజ్య పురస్కార్ కోసం పరీక్షా శిబిరం. దానికి వెళ్ళాలంటే ప్రతి దళమూ ఊరికి పనికొచ్చే ఒక సేవా ప్రాజెక్టు సొంతంగా ఆలోచించి, పూర్తిచేసి, ఫైలు పట్టుకెళ్ళాలి. పదో తరగతి పిల్లల్ని స్కూలు శిబిరాలకి పంపదు. కాబట్టి వాళ్ళకి ఇదొక్కటే అవకాశం.

హెడ్మాస్టరు గారు అప్పటికే ఒకటి ఆలోచించి పెట్టారు. “మొక్కలు నాటండమ్మా. యాభై మొక్కలు నేను తెప్పిస్తాను. ఒక పూట పని, మంచి ఫొటోలొస్తాయి.”

“పోయినేడు నాటిన మొక్కలు ఒక్కటీ బతకలేదండి సార్,” అంది ఫర్హానా.

“ఫొటోలు బతికున్నాయి కదమ్మా,” అని ఆయన నవ్వేశారు.

గైడ్ కెప్టెన్ పద్మప్రియ మేడమ్ లెక్కల టీచరు. పిల్లలు చెప్పిందంతా వింది. “జాలి వేసింది అంటే ప్రాజెక్టు కాదు. ఎంతమందికి అవసరం, ఏం పాడైంది, బాగుచెయ్యడానికి ఏం కావాలి, ఎవరి అనుమతి కావాలి. ఇవన్నీ రాసుకురండి. అప్పుడు హెడ్మాస్టరు గారితో నేను మాట్లాడతాను,” అంది.

రాసుకొచ్చారు. వరసగా రెండు ఆదివారాలు ఎండుచేపల వీధిలో గంప గంపకీ తిరిగారు. ముప్పై నలుగురు ఆడవాళ్ళు. పగలంతా కలిపి ఒక గ్లాసుకి మించి నీళ్ళు తాగేవాళ్ళు ఆరుగురు. ఒంటేలుకి మంట వస్తుందని ఒప్పుకున్నవాళ్ళు పంతొమ్మిది మంది. నెలసరి రోజుల్లో ఏం చేస్తారని దళంలోని హర్షిణి సిగ్గుపడుతూ అడిగితే, ఆమె కంటే నాలుగేళ్ళు పెద్దదేమో, ఒక కొత్త కోడలు, “ఆ రోజుల్లో రామండి. ఆ నాలుగు రోజులూ బేరం పోద్ది,” అని చెప్పింది. ఆ కాగితం చదివి పద్మప్రియ మేడమ్ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, “పదండి,” అంది.

అనుమతి కోసం మార్కెట్ ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగారు. మొదటిసారి ఇంజనీరు లేడు. రెండోసారి ఉన్నాడు కానీ కాగితం తెలుగులో ఉండాలన్నాడు. మూడోసారి తెలుగులో ఇస్తే స్కూలు ముద్ర లేదన్నాడు. నాలుగోసారి అన్నీ ఉన్నాయి. అప్పుడు కాగితం చేతిలోకి తీసుకుని, “ఇంతకీ ఆ ఆడవాళ్ళెవరూ మాకు కంప్లైంట్ ఇవ్వలేదు కదండీ మేడమ్?” అన్నాడు ఎంతో మర్యాదగా.

“ఎలా ఇస్తారండీ?” అంది ఫర్హానా. “నాకు దొడ్డికొస్తోందని మీ దగ్గరికొచ్చి చెప్పాలా?”

పద్మప్రియ మేడమ్ ఫర్హానా భుజం మీద చెయ్యి వేసింది కానీ ఆపలేదు. ఇంజనీరు ఆ పిల్ల వంక చూడకుండా సంతకం పెట్టేశాడు. ఆ ఊళ్ళో ఎవరూ గొంతు పెంచరు. కూర్చోండమ్మా అంటారు, మంచినీళ్ళు తాగుతారా అంటారు, రేపు రండమ్మా అంటారు. ఎవరైనా ఒక్కసారి గట్టిగా కసిరితే బాగుండుననిపించింది ఫర్హానాకి. కసిరితే కనీసం తిరిగి అరవొచ్చు.

*

పని అయిదు ఆదివారాలు పట్టింది.

ఫర్హానా వాళ్ళ నాన్న అమీర్ ప్లంబరు. ఊళ్ళో సగం ఇళ్ళ గొట్టాలు ఆయన చేతిమీదుగా వేసినవే. మొదటి ఆదివారం జగ్గారావు మనుషులు ట్రేలు తీసి బయట పడేసి వెళ్ళాక, ఆయన లోపలికి వెళ్ళి, చొక్కా చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, నాలుగు గదులూ చూసి వచ్చాడు.

“గొట్టం మార్చాలి. ట్యాంకు పగల్లేదు, కడిగితే చాలు. రెండు బేసిన్లు పగిలాయి. పాత సామానుల్లో దొరుకుతాయి, నేను తెస్తాను,” అన్నాడు. మళ్ళీ ఆగి, “ఒకటి చూశావా ఫర్హా? నాలుగు తలుపులకీ గొళ్ళెం బయటే ఉంది. లోపల గడియ లేదు. కట్టినప్పుడే పెట్టలేదు.”

“అదేంటి నాన్నా? మరి లోపలికెళ్ళినవాళ్ళు?”

“కట్టినవాడు తాళం వెయ్యడం గురించే ఆలోచించి ఉంటాడు,” అన్నాడు అమీర్.

ఎనిమిది మంది పిల్లలూ ముక్కులకి గుడ్డలు కట్టుకుని కుళ్ళిన నీళ్ళు ఎత్తిపోశారు. యాసిడ్ పోసి, కొబ్బరి పీచుతో, ఇటుక ముక్కతో గచ్చు రుద్దారు. గొట్టాలు కొలిచి కోయడం, జాయింట్లకి జిగురు పట్టించి ముప్పై అంకెలు లెక్కపెట్టేదాకా కదపకుండా పట్టుకోవడం అమీర్ నేర్పాడు. దారిన పోయే మగవాళ్ళు ఆగి చూసి నవ్వుకున్నారు. ఒకాయన, “చదువుకునే పిల్లల చేత ఈ పనేంటండీ, పాపం,” అన్నాడు. ఆయన ఇంట్లో ఆ పాపం పని ఎవరు చేస్తారని ఎవరూ అడగలేదు.

మూడో ఆదివారం హర్షిణి తండ్రి ముదినేపల్లి నుంచి మోటారు సైకిలేసుకుని వచ్చాడు. ఆరెకరాల వరి రైతు. కూతుర్ని హాస్టల్లో పెట్టి చదివిస్తున్నాడు. ఆ పిల్ల మోచేతుల దాకా మురికితో బయటికి రావడం చూసి, రోడ్డు మీదే, “ఎవరమ్మా మేడమ్? మా అమ్మాయి చేత దొడ్లు కడిగించడానికా నేను పంపింది?” అన్నాడు.

పద్మప్రియ మేడమ్ నోరు తెరిచేలోపు హర్షిణే మాట్లాడింది. “నాట్లకి మనింటికి పాతికమంది వస్తారు కదా నాన్నా. పొద్దుటి నుంచీ సాయంత్రం దాకా మన చేలోనే ఉంటారు. వాళ్ళెక్కడికెళ్తారో నీకు తెలుసా?”

ఆయనకి తెలియదు. ఎప్పుడూ అడగలేదు. కాసేపు హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాడు. మోటారు సైకిల్ స్టాండు వేశాడు. కూతుర్ని తీసుకెళ్ళలేదు, పనిలో చెయ్యీ వెయ్యలేదు. ఎదురు అరుగు మీద కూర్చుని మధ్యాహ్నం దాకా చూసి, వెళ్ళిపోతూ, “సబ్బుతో కడుక్కోమ్మా,” అన్నాడు.

నవంబరు మూడో శనివారానికి అంతా అయిపోయింది. కుళాయిలు తిప్పితే నీళ్ళొచ్చాయి. నాలుగు గదుల్లోనూ లోపలి గడియలు, బట్టలు తగిలించుకోడానికి కొక్కేలు, మూత ఉన్న చెత్త డబ్బాలు. వీధివైపు పెద్ద తలుపుకి ఉన్న పాత గొళ్ళెం తుప్పుపట్టి ఊడిపోతే, ఫర్హానా తనే కొత్తది నాలుగు స్క్రూలతో బిగించింది. రాత్రిళ్ళు కుక్కలు దూరకుండా అని. సోమవారం పొద్దున్న నుంచి వాడుకోవచ్చని గంప గంపకీ చెప్పారు. అచ్చాయమ్మ ఆ వేళ రాలేదు, ఒంట్లో బాగాలేదన్నారు.

*

సోమవారం స్కూలుకి వెళ్తూ ఫర్హానా, హర్షిణి ఆ వీధిలోంచి వెళ్ళారు. పెద్ద తలుపుకి అరచేతంత ఇత్తడి తాళం కప్ప వేలాడుతోంది. పైన గోడకి అడ్డంగా పసుపు రంగు ఫ్లెక్సీ. జగ్గారావు చేతులు జోడించి నవ్వుతున్న ఫొటో. అతని పక్కన ఇంకా పెద్దగా ఒక నాయకుడి ఫొటో. “మన మార్కెట్ మహిళలకు జగ్గారావు గారి కానుక. నూతన మరుగుదొడ్ల ప్రారంభోత్సవం త్వరలో.”

ఫర్హానా ఆ అక్షరాలు రెండుసార్లు చదివింది. కానుక అన్న మాట మూడోసారి చదివింది.

సాయంత్రం పద్మప్రియ మేడమ్‌ని తీసుకుని ఇద్దరూ జగ్గారావు కొట్టుకి వెళ్ళారు. మార్కెట్ కమిటీలో అతనొక పెద్దమనిషి. చేపల ట్రేలు, ఐసు వ్యాపారం. వాళ్ళని చూడగానే లేచి నిలబడి కుర్చీలు వేయించాడు.

“అబ్బబ్బ, ఎంత బాగా చేశారమ్మా! నేను అందరికీ చెప్తున్నాను. పెద్దాయన్ని పిలిచాం. ఆయన చేతిమీదుగా రిబ్బను కోయించాలి కదా. డేటు ఇవ్వగానే తెరిచేద్దాం. మీరూ యూనిఫాంలో రండి, ఫొటోలో నిలబెడతాను.”

“డేటు ఎప్పుడిస్తారండీ?” అంది పద్మప్రియ మేడమ్.

“పెద్దవాళ్ళండి. మన చేతుల్లో ఉండదు కదా. పది రోజులవచ్చు, నెలవచ్చు.”

“అప్పటిదాకా వాళ్ళు వాడుకుంటే ఏమవుద్దండీ?” అంది ఫర్హానా.

జగ్గారావు నొచ్చుకున్నట్టు చూశాడు. “వాడేసిందాన్ని పెద్దాయన చేత ఎలా ప్రారంభం చేయిస్తామమ్మా? బాగోదు కదా. ఇన్నేళ్ళు ఆగారు, ఇంకో నెల ఆగలేరా?”

ఫర్హానా లేచి బయటికి వచ్చేసింది. ఇంకో క్షణం అక్కడ కూర్చుంటే ఏం అనేసేదో ఆమెకే తెలియదు. వీధిలో లక్ష్మీకాంతం గంప సర్దుకుంటోంది. అచ్చాయమ్మని పెద్దాసుపత్రిలో చేర్చారని చెప్పింది. చలిజ్వరం, నడుం నొప్పి. మూత్రంలో చీము పైకి పాకి కిడ్నీలకి తగిలిందని డాక్టరు అన్నాడట.

“నీళ్ళు సరిగ్గా తాగరా అని అడిగాడంట డాక్టరు,” అంది లక్ష్మీకాంతం. ఈసారి నవ్వలేదు.

*

పది రోజులు గడిచాయి. తాళం అలాగే ఉంది. మధ్యలో అమీర్ కూడా ఒకసారి వెళ్ళి జగ్గారావుని అడిగి వచ్చాడు. ఇంటికొచ్చి భోజనం కలిపి, తినకుండా కూర్చున్నాడు. “‘మార్కెట్ కొట్ల పనులన్నీ నీకే కదా అమీరూ, మనలో మనకెందుకు,’ అన్నాడు,” అని తల్లి కమరున్నీసాతో చెప్పాడు. ఫర్హానాకి అర్థమైంది. నాన్నని ఇందులోకి లాగకూడదు.

శిబిరం శుక్రవారం. బుధవారం హెడ్మాస్టరు గారు ఫైలు ముందు పెట్టారు. మొదటి పేజీలో రెండు గళ్ళు: పూర్తయింది, పూర్తికాలేదు.

“టిక్కు పెట్టి సంతకం చెయ్యమ్మా.”

“పూర్తికాలేదు కదండి సార్.”

“అదేంటమ్మా? ఫొటోలున్నాయి, నీళ్ళొస్తున్నాయి. తాళం సంగతి మనకెందుకు? మన పని మనం చేశాం.”

“మా పని గచ్చు తోమడం కాదండి. వాళ్ళు లోపలికెళ్ళడం. ఒక్కరు కూడా వెళ్ళలేదు. పూర్తయిందని ఎలా రాయనండి?”

హెడ్మాస్టరు గారికి మొదటిసారి కోపం వచ్చింది. “నీ పట్టుదలకి మిగతా ఏడుగురూ నష్టపోతారు. ఆ మాట ఆలోచించావా?”

ఆలోచించలేదు. ఆ మాట నిజం. ఫర్హానా ఫైలు తీసుకుని దళాన్నంతా సైకిల్ స్టాండు దగ్గరికి పిలిచింది. పద్మప్రియ మేడమ్ కూడా వచ్చి దూరంగా నిలబడింది.

“మీరు పెట్టమంటే టిక్కు పెట్టేస్తాను. నిజంగానే. మీ అందరి కష్టం అది,” అంది ఫర్హానా.

ఒక అమ్మాయి ఏడవడం మొదలుపెట్టింది. వాళ్ళ అమ్మ అప్పటికే శిబిరానికి కొత్త బూట్లు కొనేసింది. చివరికి హర్షిణి అడిగింది. “టిక్కు పెడితే ఆ తాళం తీస్తారా?”

“తియ్యరు.”

“మరెందుకు?”

ఏడుస్తున్న అమ్మాయి కూడా తల ఊపింది. పద్మప్రియ మేడమ్ దగ్గరికి వచ్చింది. “పూర్తికాలేదన్న గడిలో టిక్కు పెట్టు. కింద నేను కూడా సంతకం పెడతాను,” అంది. “ఇక ఆ తాళం. అనుమతి కాగితం చదివావా ఫర్హానా? మరమ్మతు చెయ్యడానికి, వాడుకలోకి తేవడానికి అని ఉంది. ఆ రెండో మాట నేనే రాయించాను. ఇంజనీరు సంతకం ఉంది.”

శుక్రవారం మిగతా స్కూళ్ళ పిల్లలు తాడేపల్లిగూడెం రైలెక్కుతున్న వేళకి, ఈ ఎనిమిది మందీ నీలం యూనిఫాం వేసుకుని, స్కార్ఫులు కట్టుకుని, పద్మప్రియ మేడమ్ వెంట ఎండుచేపల వీధికి వెళ్ళారు. పట్టపగలు పదిన్నర. వీధి నిండా జనం. ఫర్హానా స్క్రూడ్రైవర్ తీసింది. గొళ్ళెం ఆమె బిగించిందే. ఏ స్క్రూ ఎంత గట్టిగా పట్టిందో ఆమె చేతికి గుర్తుంది. ఒకటి, రెండు, మూడు. నాలుగోది కాస్త మొరాయించింది. గొళ్ళెం, దానికి వేలాడే తాళం రెండూ కలిసి ఆమె చేతిలోకి ఊడి వచ్చాయి.

తలుపు తెరుచుకుంది. ఒక్క ఆడమనిషి కూడా కదల్లేదు. అందరూ జగ్గారావు కొట్టు వైపే చూస్తున్నారు.

అతను రానే వచ్చాడు, పంచె ఎగ్గట్టి, పరుగులాంటి నడకతో. ఈసారి కూర్చోమనలేదు. “ఏంటమ్మా ఈ దౌర్జన్యం? గవర్నమెంటు ఆస్తి తాళం పగలగొడతారా? కేసు పెడతాను!”

“పగలగొట్టలేదండి,” అంది ఫర్హానా. “తాళం మీది. ఇదిగోండి. ఈ గొళ్ళెం మాది, దీన్నీ ఉంచుకోండి. ఇది మీ కానుక కాదు. గవర్నమెంటుది అని మీరే అన్నారు ఇప్పుడు.”

“పెద్దాయన వచ్చే శనివారం వస్తున్నారు! నా పరువేం కావాలి?”

అప్పుడు లక్ష్మీకాంతం లేచింది. చేతులకంటిన ఉప్పు చీరకి తుడుచుకుంటూ వచ్చి అతని ముందు నిలబడింది. “ఏవండీ జగ్గారావు గారూ, ఆడోళ్ళ దొడ్లో ఆ పెద్దాయనకి పనేంటండి? ఆయనకంత అర్జెంటైతే రమ్మనండి. లైన్లో నిలబడమనండి.”

వీధంతా ఒక్కసారి గొల్లుమంది. సోడా కొట్టు వాడు కూడా నవ్వాడు. ఆ నవ్వు సూటిగా జగ్గారావు మొహానికే తగిలింది. లక్ష్మీకాంతం అతన్ని దాటుకుని లోపలికి వెళ్ళింది. లోపల గడియ పడ్డ చప్పుడు బయటికి వినబడింది. ఆమె వెనక కొత్త కోడలు, ఆమె వెనక ఇంకా పదిమంది.

కేసు పెట్టలేదు. ఆడవాళ్ళ దొడ్డి తలుపు తెరిచారని కేసు పెడితే పేపర్లో ఏమొస్తుందో అతనికీ తెలుసు. కానీ స్కూలుకి ఫిర్యాదు వెళ్ళింది. పద్మప్రియ మేడమ్‌కి మెమో వచ్చింది. అమీర్‌కి ఆ నెల మార్కెట్ కొట్ల నుంచి ఒక్క పిలుపూ రాలేదు. రాజ్య పురస్కార్ జాబితాలో ఆ స్కూలు పేరు లేదు.

*

సంక్రాంతి సెలవులకి ముందు ఒక ఆదివారం కమరున్నీసా, ఫర్హానా బస్సెక్కి గుమ్మడిలంక వెళ్ళారు. కలిదిండి దాటాక రోడ్డుకి రెండు పక్కలా చెరువులే. వాటిల్లో రొయ్యలకి గాలి అందించే చక్రాలు నీళ్ళని చిలుకుతున్నాయి. కంటికి ఆనినంత దూరం నీళ్ళు, ఊళ్ళో మాత్రం ఆటోలో తెచ్చిన మంచినీళ్ళ డబ్బాలు. అచ్చాయమ్మ ఆసుపత్రి నుంచి వచ్చి నెల దాటింది. వసారాలో మంచం మీద కూర్చుని ఉంది. కాళ్ళు వాచి ఉన్నాయి. ఒక కిడ్నీ బాగా దెబ్బతింది, ఇక గంప ఎత్తొద్దన్నారని కొడుకు చెప్పాడు.

ఫర్హానా జరిగిందంతా చెప్పింది, తాళం, గొళ్ళెం, లక్ష్మీకాంతం మాట. అచ్చాయమ్మ నవ్వుతుందనుకుంది. ఆమె నవ్వలేదు.

“మంచి పనే చేశావు తల్లీ. కాదనను,” అంది. “కానీ నాకేదో దయ చేసినట్టు చెప్పమాకు. ముప్పై ఏళ్ళు ఆ బజార్లో రోజూ ఆశీలు కట్టాను. వానొచ్చినా కట్టాను, గంప అమ్ముడవకపోయినా కట్టాను. కూర్చున్నందుకు కట్టించుకున్నోళ్ళు, దొడ్డి చూపించాలా వద్దా? ఎనిమిది మంది పిల్లలొచ్చి కడిగితే గానీ మాకది రాదా? నా ఒళ్ళు పోయాక అందరూ వచ్చి పలకరిస్తన్నారు. నాకు పలకరింపులొద్దు. కోపంగా ఉందమ్మా నాకు. చానా కోపంగా ఉంది.”

కమరున్నీసా ఏదో సర్దిచెప్పబోయింది. ఫర్హానా ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. ఎవరి మీద మండాలో తెలియని తన కోపానికి అచ్చాయమ్మ చిరునామా చెబుతోందనిపించింది.

మర్నాడే కూరగాయల మార్కెట్ నుంచి నలుగురు ఆడవాళ్ళు స్కూలు గేటు దగ్గరికి వచ్చారు. “మా వైపు కూడా ఒకటుందమ్మా, అదీ మూతే. మీ పిల్లలు కాస్త వచ్చి బాగుచేసిపెడతారా?” అని అడిగారు.

దళం పిల్లలు ఫర్హానా వంక చూశారు. హర్షిణి అప్పటికే బ్రష్షులు ఎక్కడున్నాయో ఆలోచిస్తోంది.

“చెయ్యమండి,” అంది ఫర్హానా. ఆడవాళ్ళ మొహాలు వాడిపోయాయి. “మేం చెయ్యకూడదండి. చెయ్యాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. మీరు అడగండి. కాగితం మేం రాస్తాం, మీతో మేమూ వస్తాం. కానీ అడగాల్సింది మీరు. రోజూ ఆశీలు కడుతున్నారు కదా?”

కాగితం రాయడానికి మూడు రోజులు పట్టింది. ఫర్హానా చివర్లో “తమ దయతో” అని రాస్తే, పద్మప్రియ మేడమ్ ఎర్ర పెన్నుతో కొట్టేసింది. కింద యాభై ఒక్క వేలిముద్రలు, సంతకాలు. గురువారం పొద్దున్న పదింటికి ఎండుచేపల వీధి వాళ్ళూ కూరగాయల వాళ్ళూ కలిసి మార్కెట్ ఆఫీసుకి వెళ్ళారు. ఇంజనీరు మీటింగులో ఉన్నాడని, రేపు రండమ్మా అని గుమాస్తా చెప్పాడు.

“పర్లేదండి, కూర్చుంటాం,” అంది లక్ష్మీకాంతం. వరండాలో గంప దించింది. ఆమె వెనక మిగతా గంపలన్నీ దిగాయి. మెత్తళ్ళు, రొయ్యపొట్టు, ఎండు జెల్లలు. పావుగంటకి ఆ వాసన ఫైళ్ళ గదిలోకీ అక్కడి నుంచి ఇంజనీరు గదిలోకీ పాకింది. గుమాస్తా ముక్కుకి జేబురుమాలు పెట్టుకుని తిరుగుతున్నాడు. ఫ్యాను వేస్తే ఇంకా ఎక్కువైంది.

“ఆ గంపలు బయట పెట్టండమ్మా, దయచేసి!”

“కుక్కలెత్తుకుపోతాయండి,” అంది లక్ష్మీకాంతం చాలా మర్యాదగా.

పదకొండున్నరకి మీటింగు అయిపోయింది. ఇంజనీరు బయటికి వచ్చి, వరండా నిండా కూర్చున్న ఆడవాళ్ళని చూసి, వాళ్ళ మధ్య నీలం యూనిఫాంలో ఉన్న ఫర్హానాని గుర్తుపట్టాడు. “మళ్ళీ ఏంటమ్మా?” అంటూ ఆమె వైపే చెయ్యి చాచాడు.

ఫర్హానా తన దగ్గరున్న కాగితం అతనికి ఇవ్వలేదు. లక్ష్మీకాంతానికి ఇచ్చింది. లక్ష్మీకాంతం లేచి, దాన్ని అతని చేతిలో పెట్టి, “మేమే అడుగుతున్నామండి. చదవండి. ఇక్కడే, ఇప్పుడే చదవండి,” అంది.